టవర్ కింద డీజిల్, తీగలో బొగ్గు: సూరత్ నుంచి చూస్తే టెలికాం కర్బన లెక్క

సూరత్‌లో మరమగ్గాలకు రాత్రీ పగలూ తేడా లేదు. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో ఆ మగ్గాల మీద పనిచేసేవారిలో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడా నడుపుతోంది. షిఫ్టు ముగిశాక ఊళ్లో ఉన్న అమ్మానాన్నలతో వీడియో కాల్, ఆ తర్వాత కాసేపు సినిమా లేదా రీల్స్. ఇదంతా మోసేది ఏదో ఒక మేడ మీది టవర్. మగ్గం ఆగినా ఆ టవర్ ఆగదు. ఏడాదికి 8,760 గంటలూ దానికి కరెంటు కావాలి.

ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? దాని వల్ల గాలిలోకి ఎంత కార్బన్ డయాక్సైడ్ చేరుతోంది? దాన్ని తగ్గిస్తామని టెలికాం కంపెనీలు చెబుతున్న మాటల్లో ఏది తేలిక, ఏది కష్టం? సూరత్ లాంటి నగరం నుంచి చూస్తే ఈ ప్రశ్నలకు కాస్త ఊహించని సమాధానం దొరుకుతుంది.

మాట ఇచ్చిన తీరు

ప్రపంచవ్యాప్తంగా వెలువడే కర్బన ఉద్గారాల్లో మొబైల్ రంగం వాటా సుమారు 0.4 శాతమని మొబైల్ కంపెనీల అంతర్జాతీయ సంఘం జీఎస్ఎంఏ చెబుతోంది. చూడటానికి చిన్న వాటాయే. అయితే 2020లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య, జీఎస్ఎంఏ తదితర సంస్థలు కలిసి ఈ రంగానికి ఒక దారి గీశాయి. భూమి సగటు ఉష్ణోగ్రత పెరుగుదలను 1.5 డిగ్రీలకు పరిమితం చేయాలంటే, సమాచార, సాంకేతిక రంగం 2020 నుంచి 2030 మధ్య తన ఉద్గారాలను 45 శాతం తగ్గించుకోవాలన్నది దాని సారాంశం.

మన దేశంలో భారతీ ఎయిర్‌టెల్ ఇచ్చిన హామీ ఇలాంటిదే. 2020-21 ఆర్థిక సంవత్సరాన్ని ప్రాతిపదికగా తీసుకుని, 2030-31 నాటికి తన స్కోప్-1, స్కోప్-2 ఉద్గారాలను 50.2 శాతం, స్కోప్-3 ఉద్గారాలను 42 శాతం తగ్గిస్తామని ఆ సంస్థ ప్రకటించింది. 2050 నాటికి నికర శూన్య స్థితికి చేరడం దాని దీర్ఘకాల లక్ష్యం. జియో మాతృసంస్థ రిలయన్స్ ఇండస్ట్రీస్ 2035 నాటికే నికర శూన్యానికి చేరతామని 2020లో చెప్పింది. దేశం మొత్తానికి భారత ప్రభుత్వం పెట్టుకున్న గడువు 2070.

ఈ స్కోప్‌లు ఏమిటో తెలిస్తే మిగతా కథ అర్థమవుతుంది. కంపెనీ స్వయంగా కాల్చే ఇంధనం నుంచి వచ్చేది స్కోప్-1. టవర్ దగ్గరి జనరేటర్‌లో మండే డీజిల్ ఇందులోకి వస్తుంది. కొన్న కరెంటును తయారుచేసేటప్పుడు ఎక్కడో విద్యుత్ కేంద్రంలో వెలువడేది స్కోప్-2. కంపెనీ కొనే పరికరాల తయారీ, వాటి రవాణా, వినియోగదారుల దగ్గరి రౌటర్లు వాడే కరెంటు లాంటివన్నీ స్కోప్-3.

డీజిల్ కథ

టెలికాం, కాలుష్యం అనగానే మన దేశంలో ముందుగా గుర్తొచ్చేది డీజిల్ జనరేటరే. దానికి కారణం ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2011లో వెలువరించిన చర్చాపత్రం ప్రకారం అప్పట్లో టవర్లకు కావలసిన విద్యుత్తులో సుమారు 60 శాతం జనరేటర్ల నుంచే వచ్చేది. ఏడాదికి 200 కోట్ల లీటర్ల డీజిల్ మండేది. లీటరు డీజిల్ నుంచి దాదాపు 2.63 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, మొత్తం 50 లక్షల టన్నులు దాటేది.

2012 జనవరిలో టెలికాం శాఖ కంపెనీలకు ఆదేశాలిచ్చింది. గ్రిడ్ విద్యుత్తుకు పునరుత్పాదక విద్యుత్తును జోడించిన హైబ్రిడ్ పద్ధతిలో 2015 నాటికి గ్రామీణ టవర్లలో కనీసం 50 శాతం, పట్టణ టవర్లలో 20 శాతం నడవాలని, 2020 నాటికి ఆ సంఖ్యలు 75, 33 శాతానికి చేరాలని అందులో ఉంది. ఆ తర్వాతి ఏళ్లలో పల్లెలకు కరెంటు సరఫరా మెరుగుపడింది. సీసం బ్యాటరీల స్థానంలో లిథియం అయాన్ బ్యాటరీలు వచ్చాయి. సీసం బ్యాటరీ నిండటానికి ఎనిమిది నుంచి పది గంటలు పడితే, లిథియం బ్యాటరీ రెండు మూడు గంటల్లో నిండుతుంది, ఎక్కువసార్లు వాడుకోవచ్చు. కరెంటు విడతలుగా వచ్చే చోట ఈ తేడా చాలా పెద్దది. కరెంటు ఉన్న కొద్దిసేపట్లోనే బ్యాటరీ నిండితే, జనరేటర్ ఆన్ చేయాల్సిన అవసరం తగ్గుతుంది.

ఒక టవర్ లెక్క

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. సగటున 3 కిలోవాట్ల విద్యుత్తు తీసుకునే ఒక టవర్‌ను ఊహించుకుందాం. అంటే రోజుకు 72 యూనిట్లు, ఏడాదికి 26,280 యూనిట్లు. గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్ వెనుక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉందనుకుందాం. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ దేశమంతటికీ ఇచ్చే సగటు ఇటీవలి ఏళ్లలో దాదాపు ఇంతే ఉంది. జనరేటర్ గంటకు 2 లీటర్ల డీజిల్ తాగుతుందనుకుందాం. ఇది ట్రాయ్ పత్రం చెప్పిన అంచనాయే.

కరెంటు సరిగా రాని చోట ఈ టవర్ రోజుకు 8 గంటలు జనరేటర్ మీద నడిస్తే, ఏడాదికి 5,840 లీటర్ల డీజిల్ కాలుతుంది. దాని నుంచి 15.4 టన్నులు, మిగతా 16 గంటల గ్రిడ్ కరెంటు నుంచి 12.3 టన్నులు. మొత్తం 27.7 టన్నులు. అదే టవర్ కరెంటు బాగా ఉండే నగరంలో రోజుకు ఒక్క గంటే జనరేటర్ వాడితే, డీజిల్ నుంచి 1.9 టన్నులు, గ్రిడ్ నుంచి 17.6 టన్నులు వస్తాయి. మొత్తం 19.5. ఆ ఒక్క గంట డీజిల్‌ను కూడా పూర్తిగా మానేసి గ్రిడ్ మీదే నడిపితే 18.4 టన్నులు.

మొదటి చోట జనరేటర్‌ను ఆపేస్తే ఉద్గారాల్లో మూడో వంతు పోతుంది. రెండో చోట ఆపితే తగ్గేది 6 శాతమే.

గుజరాత్ నగరాల్లో కరెంటు సరఫరా చాలాకాలంగా నిలకడగా ఉంది. సూరత్ నగరంలో అధిక భాగానికి టొరెంట్ పవర్, చుట్టుపక్కల ప్రాంతాలకు దక్షిణ గుజరాత్ విద్యుత్ సంస్థ డీజీవీసీఎల్ సరఫరా చేస్తాయి. అందువల్ల సూరత్ టవర్ మన లెక్కలోని రెండో టవర్‌కు దగ్గరగా ఉంటుంది. కనిపించే పొగను తీసేయడం అక్కడ పెద్ద విజయం కాదు. అసలు బరువు తీగలో వచ్చే కరెంటులో, అంటే స్కోప్-2లో ఉంది. దేశమంతా కరెంటు మెరుగుపడుతున్న కొద్దీ మిగతా టవర్ల పరిస్థితి కూడా ఇటే వస్తోంది. డీజిల్‌పై గెలుపు తేలిక భాగం. సగానికి సగం తగ్గిస్తామన్న మాట నిలబడాలంటే గ్రిడ్ కరెంటుతో తలపడాల్సిందే.

పక్కనే అణు విద్యుత్తు ఉన్నా

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. సూరత్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో కాక్రపార్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. దేశీయంగా రూపొందించిన తొలి 700 మెగావాట్ల రియాక్టర్లు అక్కడే 2023, 2024లలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. సూరత్ జిల్లాలోనే టొరెంట్ సంస్థకు సుజెన్ అనే గ్యాస్ ఆధారిత కేంద్రం ఉంది. బొగ్గుతో పోలిస్తే గ్యాస్ నుంచి యూనిట్‌కు వెలువడే కార్బన్ డయాక్సైడ్ దాదాపు సగమే. మరి సూరత్ కరెంటు మిగతా చోట్ల కన్నా శుభ్రమైనది కాదా?

లెక్కల్లో కాదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైన్ ద్వారా దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి దేశమంతా ఒకే గ్రిడ్. కాక్రపార్‌లో పుట్టిన యూనిట్, సింగరేణి బొగ్గుతో పుట్టిన యూనిట్ ఒకే చెరువులో పడ్డ నీళ్ల లాంటివి. ఏ చుక్క ఎక్కడిదో విడదీయలేం. అందుకే ఉద్గారాల లెక్కకు దేశమంతటికీ ఒకే సగటును వాడతారు. 2025 నాటికి దేశ విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయినా, వాస్తవంగా ఉత్పత్తయ్యే యూనిట్లలో 70 శాతానికి పైగా ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తున్నాయి. సూర్యుడు పగలే ఉంటాడు, గాలి అన్నివేళలా వీయదు. సామర్థ్యానికీ ఉత్పత్తికీ మధ్య తేడా అదే.

టవర్‌ను నిద్రపుచ్చడం

కాబట్టి మొదటి మార్గం, వాడే యూనిట్లనే తగ్గించడం. మొబైల్ నెట్‌వర్క్ వాడే విద్యుత్తులో 70 శాతానికి పైగా టవర్ల దగ్గరి రేడియో పరికరాలకే పోతుంది. అందులో కూడా పెద్ద భాగం సంకేతాన్ని బలపరిచే పవర్ ఆంప్లిఫయర్లది. అవి తీసుకున్న శక్తిలో చాలా భాగం వేడిగా మారిపోతుంది.

ఒకప్పుడు టవర్ కింద ఒక గది, ఆ గదిలో పరికరాలు, వాటి వేడిని తట్టుకోవడానికి ఏసీలు ఉండేవి. గదిలోంచి టవర్ కొన దాకా లావాటి రాగి కేబుల్ వెళ్లేది. సంకేత శక్తిలో దాదాపు సగం ఆ దారిలోనే ఆవిరయ్యేది. ఇప్పుడు రేడియో భాగాన్ని యాంటెన్నా పక్కనే, టవర్ పైన బిగిస్తున్నారు. కింది నుంచి పైకి వెళ్లేది సన్నని ఆప్టికల్ ఫైబర్. ఈ పరికరాలు ఎండలోనే పనిచేయగలవు కాబట్టి గదీ అక్కర్లేదు, ఏసీ అక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మండిపోయే మన నగరాల్లో ఏసీ తీసేయడమంటే మామూలు ఆదా కాదు.

పాత నెట్‌వర్క్‌లను మూసేయడం మరో మార్గం. ఎయిర్‌టెల్ 2019లో కోల్‌కతాతో మొదలుపెట్టి 3జీ సేవలను దశలవారీగా నిలిపివేసింది. ఆ తరంగాలను, ఆ విద్యుత్తును 4జీకి మళ్లిస్తే ఒక్కో యూనిట్‌తో ఎన్నో రెట్లు ఎక్కువ డేటా పంపవచ్చు.

ఇంకొకటి నిద్ర. తెల్లవారుజామున మూడు గంటలకు వాడేవాళ్లు తక్కువ. అయినా 4జీ టవర్ తాను ఉన్నానని ఫోన్లకు చెప్పడానికి సెకనులో వెయ్యో వంతుకు ఒకసారి సూచక సంకేతాలు పంపుతూనే ఉండాలి. ఊళ్లో అందరూ పడుకున్నా గస్తీవాడు క్షణక్షణం ఈల వేస్తున్నట్టు. 5జీలో ఈ ఈలను సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒకసారి వేస్తే సరిపోతుంది. మధ్య వ్యవధిలో ఆంప్లిఫయర్లు కునుకు తీయవచ్చు. ఎప్పుడు ఏ తరంగాన్ని ఆపాలో, ఏ యాంటెన్నాలను ఆర్పాలో పాత రద్దీని చూసి నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. సూరత్ లాంటి ఊళ్లో ఈ సాఫ్ట్‌వేర్‌కు కాస్త స్థానిక జ్ఞానం కూడా కావాలి. రాత్రి షిఫ్టు నడిచే మగ్గాల పేటలో అందరూ పడుకునే వేళ వేరు.

మేడ మీద చాలదు, ఊరి బయట కావాలి

రెండో మార్గం, కరెంటు మూలాన్నే మార్చడం. టవర్ పక్కనే సౌర ఫలకాలు పెడితే సరిపోదా? మన లెక్కలోని టవర్‌కు రోజుకు 72 యూనిట్లు కావాలి. మన వాతావరణంలో ఒక కిలోవాట్ సౌర ఫలకం రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, దానికి సుమారు 10 చదరపు మీటర్ల చోటు కావాలి. మొత్తం అవసరానికి 18 కిలోవాట్లు, అంటే 180 చదరపు మీటర్లు, పైగా రాత్రికి బ్యాటరీలు. పొలం గట్టున ఉన్న టవర్‌కు ఇది సాధ్యమే. లింబాయత్‌లో ఇరుకు మేడ మీది టవర్‌కు కాదు.

అందుకే నగర టవర్లకు ఊరి బయటి సౌర, పవన కేంద్రాల నుంచి కరెంటు కొనాలి. 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన హరిత విద్యుత్ ఓపెన్ యాక్సెస్ నియమాలు ఇక్కడ కీలకం. అంతకుముందు ఇలా నేరుగా కొనుక్కోవాలంటే సాధారణంగా ఒక మెగావాట్ లోడు ఉండాలి. దాన్ని 100 కిలోవాట్లకు తగ్గించారు. అదైనా ఒక్క టవర్‌కు అందనిదే. 2023 సవరణతో ఒకే విద్యుత్ డివిజన్‌లోని పలు కనెక్షన్లను కలిపి 100 కిలోవాట్లు లెక్క చూపవచ్చు. విడివిడిగా చిన్నవైన టవర్లు పదుల సంఖ్యలో కలిసి ఒక పెద్ద వినియోగదారుగా నిలబడే అవకాశం ఇది. డేటా సెంటర్లకు ఈ ఇబ్బంది లేదు, ఒక్కోటి మెగావాట్లలోనే వాడుతుంది. ఎయిర్‌టెల్ డేటా సెంటర్ల సంస్థ నెక్స్‌ట్రా పూర్తిగా పునరుత్పాదక విద్యుత్తుకు మారతామనే కంపెనీల అంతర్జాతీయ కూటమి ఆర్‌ఈ100లో 2024లో చేరింది.

అయితే ఒక మెలిక ఉంది. కంపెనీలు కరెంటు కొనకుండా, పునరుత్పాదక విద్యుత్ ధ్రువపత్రాలను మాత్రమే కొని కూడా తమ స్కోప్-2ను కాగితంపై తగ్గించుకోవచ్చు. పైగా సౌర విద్యుత్తు వచ్చేది పగలు, ఫోన్ల రద్దీ ఎక్కువగా ఉండేది రాత్రి భోజనాల వేళ తర్వాత. ఏడాది మొత్తం యూనిట్లు సరితూగినా, ఆ గంటలో టవర్‌ను నడిపింది బొగ్గే కావచ్చు. అందుకే గ్రిడ్ సగటు ప్రకారం ఒక లెక్క, కొనుగోలు ఒప్పందాల ప్రకారం మరో లెక్క, రెండూ చూపాలని అంతర్జాతీయ ప్రమాణాలు అడుగుతాయి.

పెరిగే డేటా, తగ్గాల్సిన టన్నులు

2014లో మన దేశంలో ఒక్కో వినియోగదారు నెలకు సగటున వాడిన మొబైల్ డేటా సుమారు 62 ఎంబీ. పదేళ్లకు అది 20 జీబీ దాటింది. మూడు వందల రెట్లకు పైమాటే. 2022 నవంబర్‌లో జియో గుజరాత్‌లోని 33 జిల్లా కేంద్రాలన్నిటికీ 5జీ ఇచ్చింది, వాటిలో సూరత్ కూడా ఉంది. ఒక జీబీ పంపడానికి అయ్యే విద్యుత్తు గణనీయంగా తగ్గబట్టే ఈ పెరుగుదల సాధ్యమైంది.

కానీ జీబీకి ఎంత అన్నది వేరు, మొత్తం ఎంత అన్నది వేరు. జీబీకి ఉద్గారాలు సగానికి తగ్గి, జీబీలు మూడింతలైతే మొత్తం ఒకటిన్నర రెట్లవుతుంది. వాతావరణానికి మొత్తమే ముఖ్యం. ఎయిర్‌టెల్ హామీలో గమనించాల్సిన మాట అదే. 50.2 శాతం తగ్గింపు జీబీకి కాదు, మొత్తం టన్నులకు. వినియోగం పెరుగుతుండగా మొత్తాన్ని సగం చేయడం అంటే, నడుస్తున్న మగ్గం ఆపకుండా దాని మోటారు మార్చడం లాంటిది.

లెక్క ఎవరిదన్నది మరో చిక్కు. టవర్లు చాలా వరకు వేరే కంపెనీలవి, వాటిని పలు ఆపరేటర్లు పంచుకుంటారు. పంచుకోవడం వల్ల మొత్తం ఉద్గారాలు తగ్గుతాయి. కానీ అక్కడ కాలిన డీజిల్ టవర్ కంపెనీ ఖాతాలోకా, ఆపరేటర్ ఖాతాలోకా అన్నది ఒప్పందం, యాజమాన్యాన్ని బట్టి మారుతుంది. 2024 నవంబర్‌లో ఇండస్ టవర్స్ ఎయిర్‌టెల్ అనుబంధ సంస్థగా మారింది. ఇలాంటి మార్పులు వచ్చినప్పుడు ప్రాతిపదిక సంవత్సరం అంకెలను కూడా తిరిగి లెక్కగట్టాలి. లేదంటే ఉద్గారాలు ఒక ఖాతాలోంచి మరో ఖాతాలోకి మారడమే తగ్గుదలగానో, పెరుగుదలగానో కనిపిస్తుంది.

వరద వచ్చిన రోజు

జనరేటర్లన్నీ తీసేస్తే ఒక్క పని మాత్రం ఆగుతుంది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తపతి పొంగి, సూరత్‌లో చాలా భాగం మునిగింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. అలాంటి వేళ టవర్ బతికి ఉండటం ప్రాణాల సమస్య. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ ఇలాంటి రోజులు పెరుగుతాయన్నది శాస్త్రవేత్తల హెచ్చరిక. ఉద్గారాలు తగ్గించడానికి అసలు కారణమే అది. కాబట్టి రోజువారీ డీజిల్ పోవాలి, ఆపద వేళకు ఆసరా మిగలాలి. వరద మట్టానికి పైన అమర్చిన పెద్ద లిథియం బ్యాటరీలు, అవసరమైన చోటికి తరలించగల జనరేటర్లు ఈ రెంటినీ కలిపే దారి. ఏడాదిలో కొద్ది రోజులు మండే డీజిల్ లెక్కను చెడగొట్టదని పై అంకెలే చెబుతున్నాయి.

కొలిస్తేనే తగ్గుతుంది

ఈ విషయంలో సూరత్ ప్రపంచానికి ఒక పాఠం చెప్పింది. 2019లో అక్కడి మిల్లుల పొగగొట్టాల నుంచి వెలువడే ధూళికణాలకు ప్రపంచంలోనే తొలి ఉద్గారాల మార్కెట్ మొదలైంది. సుమారు 300 పరిశ్రమలపై జరిగిన ఆ ప్రయోగంలో మార్కెట్‌లో చేరిన మిల్లుల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గినట్టు పరిశోధకులు తేల్చారు. అది కర్బనం కాదు, ధూళి. అయినా దాని పునాది టెలికాం రంగానికీ వర్తిస్తుంది. ప్రతి గొట్టానికి నిరంతరం కొలిచే పరికరం బిగించాకే ఆ మార్కెట్ సాధ్యమైంది.

టవర్లకు ఆ సౌలభ్యం ముందే ఉంది. కరెంటు మీటరు, డీజిల్ ట్యాంకు సెన్సరు, బ్యాటరీ స్థితి, అన్నీ దూరం నుంచే చదవవచ్చు. స్టాక్ మార్కెట్‌లో నమోదైన తొలి 1,000 కంపెనీలు తమ పర్యావరణ వివరాలను ఏటా బయటపెట్టాలని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది కాబట్టి, ఆ అంకెలు ఎవరైనా చూడవచ్చు. చూసేటప్పుడు నాలుగు ప్రశ్నలు చాలు. తగ్గింది మొత్తమా, జీబీకా? ఏ సంవత్సరంతో పోల్చి? డీజిల్ పోయిన చోటికి ఏ కరెంటు వచ్చింది? ఆ కరెంటు నిజంగా కొన్నారా, ధ్రువపత్రమే కొన్నారా?

2030-31కి ఎన్నో ఏళ్లు లేవు. టవర్ కింద పొగ ఆగిందా అన్నది మేడ దిగి చూస్తే తెలుస్తుంది. తీగలో బొగ్గు తగ్గిందా అన్నది మాత్రం ఆ అంకెల్లోనే తెలుస్తుంది.